మీటరు ఇంటిది.. సిలిండరు మనిషిది
ఇల్లు మారేవారు కరెంటు, గ్యాసు లెక్కలు తేల్చుకోకుంటే చిక్కే

గుంటూరు: ఆషాఢం వెళ్లి శ్రావణం వస్తే ఇళ్లు మారేవారి సందడి మొదలవుతుంది. బడులు తెరిచే జూన్‌లో కొందరు, ఉద్యోగ బదిలీల వేళ మరికొందరు అంతకుముందే సామాను సర్దుకుంటారు. ముహూర్తం చూసుకోవడం, లారీ మాట్లాడుకోవడం, పిల్లల టీసీలు తెచ్చుకోవడం ఎవరూ మరవరు. కొత్త ఇంట పాలు పొంగించే వేళకు పొయ్యి వెలుగుతుందా, ఫ్యాను తిరుగుతుందా అన్నది మాత్రం చాలామందికి ఆ రోజు ఉదయానికి గానీ గుర్తుకు రాదు. పాత ఇంటి ఆఖరి బిల్లు ఎవరు కట్టాలి, కొత్త ఇంటి మీద పాత బకాయి ఉందా, సిలిండరును వెంట తీసుకెళ్లవచ్చా అన్న మూడు ప్రశ్నలకు ముందే జవాబు తెలుసుకోని కుటుంబాలు తరవాత విద్యుత్తు కార్యాలయం, గ్యాస్ ఏజెన్సీల చుట్టూ తిరగాల్సి వస్తోంది.

ఈ చిక్కులన్నింటికీ మూలం ఒక్కటే. విద్యుత్తు కనెక్షన్ ఇంటికి ఇస్తారు. ఇంట్లో ఎవరున్నా, ఎందరు మారినా సర్వీసు నంబరు అదే. గ్యాస్ కనెక్షన్ అలా కాదు. అది మనిషి పేరిట ఉంటుంది, ఆ మనిషి ఎక్కడికి వెళితే అక్కడికి కాగితాల రూపంలో వెళుతుంది. మీటరును వదిలి వెళ్లేటప్పుడు చేయాల్సిన పని వేరు, సిలిండరును బదిలీ చేసుకునేటప్పుడు చేయాల్సిన పని వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టినవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

నరసరావుపేటలో పదేళ్లుగా అద్దెకు ఉన్న ఒక ఉపాధ్యాయ కుటుంబం గుంటూరుకు బదిలీ అయిందనుకుందాం. రెండు ఊళ్లూ ఏపీసీపీడీసీఎల్ పరిధిలోనివే. దక్షిణ ప్రాంత డిస్కం నుంచి విడదీసి 2019లో ఏర్పాటు చేసిన ఈ సంస్థ ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలకు విద్యుత్తు పంపిణీ చేస్తోంది. సంస్థ ఒకటే అయినంత మాత్రాన ఆ కుటుంబం ఖాతా గుంటూరుకు మారదు. నరసరావుపేట మీటరు అక్కడి ఇంటి యజమానిది. గుంటూరులో మరో యజమాని పేరిట మరో నంబరు ఉంటుంది. కొన్ని దేశాల్లో మాదిరిగా ఇల్లు మారినప్పుడు తక్కువ ధరకు అమ్మే విద్యుత్తు సంస్థను ఎంచుకునే వీలు ఇక్కడి గృహ వినియోగదారులకు లేదు. ఏ ప్రాంతానికి ఏ డిస్కం ఉంటే అక్కడ దానితోనే సరిపెట్టుకోవాలి. కాబట్టి ఇక్కడ జాగ్రత్త అంతా ధర మీద కాదు, లెక్క మీద పెట్టాలి.

వెళ్లే రోజు రీడింగే ఆధారం

అద్దె ఇళ్లలో తగవు సాధారణంగా ఆఖరి నెల బిల్లు దగ్గరే వస్తుంది. రీడింగ్ తీసే సిబ్బంది నెలకోసారి వస్తారు. కుటుంబం నెల మధ్యలో ఖాళీ చేస్తుంది. బిల్లు ఇంకా రాలేదని చెప్పి యజమాని అడ్వాన్సులో నుంచి అందాజుగా ఓ వెయ్యో, రెండు వేలో పట్టుకుంటారు. బిల్లు వచ్చాక లెక్క చూసుకుందామన్న మాట ఆ తరవాత ఎవరికీ గుర్తుండదు. మరికొన్ని చోట్ల కథ తిరగబడుతుంది. ఖాళీ చేసినవారు బిల్లు ఎగ్గొట్టి వెళతారు, కొత్తగా దిగినవారి చేతికి రెండు నెలల బిల్లు వస్తుంది.

దీనికి మందు సులువైనది. సామాను లారీకి ఎక్కించాక ఇంటి యజమాని సమక్షంలో మీటరు రీడింగ్ రాసుకుని, తేదీ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లలో తేదీ, సమయం, వోల్టేజి వంటి అంకెలు ఒకదాని తరవాత ఒకటి కనిపిస్తుంటాయి. వాటిలో పక్కన ‘కేడబ్ల్యూహెచ్’ అని ఉన్న అంకె మాత్రమే యూనిట్లను చూపుతుంది. మిగిలినవి చూసి కంగారు పడినవారూ ఉన్నారు. కొత్త ఇంట దిగే రోజూ ఇదే పని చేయాలి. పాత బిల్లు మీద ఉన్న చివరి రీడింగ్‌కు, ఈ రీడింగ్‌కు తేడా ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది.

సొంత పేరిట సర్వీసు ఉన్నవారు, అంటే ఇల్లు అమ్మి వెళ్లేవారు ఇంతటితో ఆగకూడదు. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్తు వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ఖాళీ చేసేవారు ముందుగా రాతపూర్వకంగా కోరితే డిస్కం ప్రత్యేకంగా రీడింగ్ తీసి తుది బిల్లు ఇవ్వాల్సి ఉంటుంది. ఆ బిల్లు చెల్లించి, బకాయి లేదన్న ధ్రువపత్రం తీసుకుంటే ఆ తరవాతి వాడకంతో పాత యజమానికి సంబంధం ఉండదు. ఈ పత్రం అడిగేవారు తక్కువ. ఇల్లు కొనేవారే దాన్ని పట్టుబట్టి అడగాలి. ఎందుకో కిందటి యజమాని బకాయి సంగతి చూస్తే అర్థమవుతుంది.

వాటా వేసే తీరులోనూ పొరపాటే

ఒకే బిల్లును ఇద్దరు పంచుకోవాల్సి వచ్చినప్పుడు చాలామంది ఒక తప్పు లెక్క వేస్తారు. రాష్ట్రంలో గృహ విద్యుత్తు ధర వాడకం పెరిగే కొద్దీ పెరుగుతుంది. 2022-23 టారిఫ్ ఉత్తర్వుతో వచ్చిన శ్లాబుల ప్రకారం తొలి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75.

ఒక ఇంట నెల మధ్యలో పాత కుటుంబం 125 యూనిట్లు కాల్చి ఖాళీ చేసింది, కొత్త కుటుంబం మిగిలిన రోజుల్లో 100 యూనిట్లు కాల్చింది అనుకుందాం. మొత్తం 225 యూనిట్లకు శ్లాబుల లెక్కన రూ.1,017 అవుతుంది. మొదట కాల్చినవారి యూనిట్లకు మొదటి శ్లాబులు వర్తిస్తాయనుకుంటే పాత కుటుంబం వాటా రూ.417 మాత్రమే. తరవాత వచ్చినవారి 100 యూనిట్లకు రూ.600 పడుతుంది. తక్కువ కాల్చినవారు ఎక్కువ కట్టడమన్నమాట! ముందు ఎవరున్నారన్నదానితో డిస్కంకు నిమిత్తం లేదు, నెల మొత్తానికే శ్లాబు లెక్క వేస్తుంది. కాబట్టి మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే సగటున యూనిట్‌కు రూ.4.52 వస్తుంది. ఆ లెక్కన పాత కుటుంబం రూ.565, కొత్త కుటుంబం రూ.452 చెల్లించడం సబబు. స్థిర చార్జీలు, వినియోగదారు చార్జీలు, విద్యుత్తు సుంకం దీనికి అదనం. వాటిని రోజుల లెక్కన పంచుకోవచ్చు.

తెలంగాణలో ఈ తేడా మరింత ఘాటుగా ఉంటుంది. అక్కడ నెల వాడకం 200 యూనిట్లు దాటితే అంతకుముందు యూనిట్లకూ పెద్ద శ్లాబు ధరే వర్తిస్తుంది. అక్కడి 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం 200 యూనిట్లకు రూ.820 అయ్యే చార్జీ, 201కి వెళితే రూ.1,027.70 అవుతుంది. ఒక్క యూనిట్ మీద రూ.207.70! నెల మధ్యలో ఇల్లు చేతులు మారినప్పుడు ఈ ఒక్క యూనిట్ ఎవరిదన్న దాని మీదే గొడవలు వస్తాయి.

తెల్లరేషన్ కార్డు ఉన్నవారికి 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న ప్రారంభించింది. అద్దెకు ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. పథకం కోసం రేషన్ కార్డును ఆ ఇంటి సర్వీసు నంబరుకు జత చేస్తారు. ఇల్లు మారినవారు పాత నంబరును తొలగించి కొత్త ఇంటి నంబరును నమోదు చేయించుకోకపోతే కొత్త ఇంట మామూలు బిల్లే వస్తుంది. పాత కుటుంబం కార్డు ఇంకా ఆ మీటరుకే అతుక్కుని ఉంటే తరవాత దిగినవారికీ ఇబ్బందే.

బకాయి గోడను పట్టుకుని ఉంటుంది

ఇల్లు కొనేవారు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఈసీ తీయించి అప్పులు, తనఖాలు ఉన్నాయేమో చూసుకుంటారు. కరెంటు బకాయి ఈసీలో కనిపించదు. పాత యజమాని బకాయి తమకేమిటన్న ధీమాతో ఇల్లు కొని, పేరు మార్పిడికి వెళ్లాక బకాయి కడితేనే పని జరుగుతుందన్న మాట విని నివ్వెరపోయేవారున్నారు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2023 మే 19న కీలక తీర్పు ఇచ్చింది. కేరళ విద్యుత్తు బోర్డుకు సంబంధించిన కేసుతోపాటు మరికొన్నింటిని కలిపి విచారించిన ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పాత యజమాని బకాయి చెల్లించాలన్న షరతును కొత్త కనెక్షన్‌కు విధించే నిబంధనలు చెల్లుతాయని స్పష్టం చేసింది. రాష్ట్రంలోని విద్యుత్తు సరఫరా నిబంధనలు కూడా ఇలాగే ఉన్నాయి. ఆస్తి అమ్మేవారే బకాయి తీర్చాలి. వారు తీర్చకపోతే ఆ ప్రాంగణానికి సరఫరా నిరాకరించే అధికారం డిస్కంకు ఉంటుంది. వేలంలో ఇళ్లు, దుకాణాలు కొనేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఉన్నది ఉన్నట్లుగా అమ్ముతున్నామన్న మాట వేలం ప్రకటనలో ఉంటే, బకాయిని కొనేవారే విచారించి తెలుసుకోవాల్సి ఉంటుంది.

బకాయి ఎంత పాతదైనా వసూలు చేస్తారా అంటే దానికీ ఒక హద్దు ఉంది. 2003 విద్యుత్తు చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం బకాయి చెల్లించాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే దాని పేరిట కనెక్షన్ తొలగించడానికి వీల్లేదు. అయితే ఆ మొత్తాన్ని ప్రతి బిల్లులో బకాయిగా చూపుతూ వస్తే ఈ రక్షణ ఉండదు. సివిల్ కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి డిస్కంకు ఎలాగూ ఉంటుందని 2023 తీర్పు చెప్పింది. బిల్లు కట్టనివారి కనెక్షన్ తొలగించే ముందు 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలన్నది కూడా అదే సెక్షన్‌లోని నియమం.

కొనడానికి ముందు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. బిల్లు మీది సర్వీసు నంబరుతో డిస్కం వెబ్‌సైట్‌లో గడచిన నెలల బిల్లులు, చెల్లింపులు చూడవచ్చు. ఫ్లాటు కొనేవారు తమ మీటరుతోపాటు లిఫ్టు, నీళ్ల మోటారుకు ఉన్న ఉమ్మడి మీటరు బకాయిని కూడా విచారించాలి. దాన్ని ఎవరూ పట్టించుకోరు. లిఫ్టు ఆగిన రోజున అందరికీ గుర్తొస్తుంది.

పేరు మార్పిడికి రిజిస్టరైన దస్తావేజు నకలు, గుర్తింపు కార్డు, తాజా బిల్లుతో విద్యుత్తు వినియోగదారుల సేవా కేంద్రంలో లేదా మీసేవలో దరఖాస్తు చేసుకోవాలి. తాత పేరిట ఉన్న మీటరుకు మనుమలు బిల్లు కడుతున్న ఇళ్లు జిల్లాలో లెక్కలేనన్ని. బిల్లు కడుతున్నంత కాలం ఇబ్బంది తెలియదు. లోడు పెంచుకోవాలన్నా, పైకప్పు మీద సౌర పలకలు పెట్టుకోవాలన్నా, డిపాజిట్ వెనక్కి తీసుకోవాలన్నా అప్పుడు పేరు అడ్డొస్తుంది.

బిల్లు మీది కేటగిరీని కూడా చూడటం మరవరాదు. అంతకుముందు క్లినిక్‌గానో, టైలరింగ్ దుకాణంగానో నడిచిన పోర్షన్‌లో కాపురం పెడితే, మార్పించుకునేదాకా వాణిజ్య ధరే పడుతుంది. ఇంటి మీటరుతో దుకాణం నడిపితే అది అంతకన్నా ప్రమాదం. చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి రెట్టింపు ధర వసూలు చేస్తారు. పాత కిరాయిదారు చేసిన పనికి యజమానికి నోటీసు వస్తుంది.

డిపాజిట్ ఎవరిది? వడ్డీ ఎవరికి?

ఏసీడీ అనే మూడక్షరాలు బిల్లులో కనిపిస్తే అద్దె ఇళ్లలో వాదన మొదలైనట్లే. గడచిన ఏడాది సగటు వాడకాన్ని బట్టి వినియోగదారుని డిపాజిట్ సరిపోతుందో లేదో డిస్కంలు చూస్తాయి. తక్కువైతే అదనపు డిపాజిట్ అడుగుతాయి. తెలంగాణలో 2023 జనవరి బిల్లుల్లో ఈ మొత్తాలు కనిపించినప్పుడు పెద్ద ఆందోళనే జరిగింది. వాడుకున్నది కిరాయిదారు కాబట్టి ఆయనే కట్టాలని యజమానులు, తిరిగి వచ్చే డబ్బు యజమాని ఖాతాలో ఉంటుంది కాబట్టి తామెందుకు కట్టాలని కిరాయిదారులు వాదించారు.

న్యాయంగా చూస్తే కిరాయిదారుల వాదనకే బలం ఎక్కువ. డిపాజిట్ సర్వీసు నంబరుతోనే ఉంటుంది, కనెక్షన్‌ను శాశ్వతంగా తొలగిస్తే బకాయిలు పోను మిగిలింది ఆ పేరున్నవారికే వెనక్కి ఇస్తారు. కిరాయిదారు కట్టాల్సి వస్తే రశీదు పెట్టుకుని ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించుకోవడమో, అడ్వాన్సుకు కలుపుకోవడమో చేయాలి. ఇందులో ఒక తమాషా ఉంది. డిపాజిట్‌పై ఏటా వడ్డీ లెక్కగట్టి బిల్లులో తగ్గిస్తారు. ఆ నెల ఇంట్లో ఎవరుంటే వారి బిల్లే తగ్గుతుంది. యజమాని డబ్బుకు వడ్డీ కిరాయిదారు తింటున్నట్లే! ఈ సంగతి తెలిసిన యజమానులు అరుదు.

ఇల్లు మారినవారిని ఇంతకంటే ఎక్కువగా బాధించినది సర్దుబాటు చార్జీ. ఇంధనం, విద్యుత్తు కొనుగోలు ఖర్చు అంచనాలు మించిందంటూ డిస్కంలు తరవాతి సంవత్సరాల్లో వసూలు చేసుకునే మొత్తమిది. 2022-23కు సంబంధించి సుమారు రూ.6,072 కోట్లను 2024 డిసెంబరు నుంచి 15 నెలల పాటు వసూలు చేసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ విద్యుత్తు నియంత్రణ మండలి అనుమతించింది. ఆ సర్వీసు మీద నాడు వాడిన యూనిట్లను బట్టి ఈ చార్జీ వేశారు. నాడు ఆ ఇంట్లో రెండు ఏసీలతో ఉన్న కుటుంబం ఎప్పుడో వెళ్లిపోయింది. ఫ్యాన్లతో సరిపెట్టుకునే కొత్త కుటుంబం వారి వాడకానికి చార్జీ కట్టింది. మీటరు ఇంటిదన్న సూత్రం ఇంత కఠినంగా పనిచేస్తుంది. చట్టప్రకారం దీనికి మార్గాంతరం లేదు. అద్దె మాట్లాడుకునేటప్పుడే పాత బిల్లులు చూసి, ఇటువంటి చార్జీలు ఎవరు భరించాలో ఒప్పందంలో రాసుకోవడం ఒక్కటే దారి.

పోర్షన్ ఇళ్లలో సబ్‌మీటరు వ్యవహారం మరొకటి. నాలుగు పోర్షన్లకు ఒకటే మీటరు పెట్టి, యూనిట్‌కు ఇంత అని యజమాని ఒక ధర నిర్ణయిస్తారు. నలుగురి వాడకం ఒకే బిల్లులో పడటంతో అందరూ పెద్ద శ్లాబులోకి వెళతారు. విడివిడిగా మీటర్లుంటే తొలి యూనిట్ల చౌక ధర ప్రతి కుటుంబానికీ దక్కేది. విద్యుత్తు చట్టంలోని 43వ సెక్షన్ ఇంటి యజమానితోపాటు అందులో నివసించేవారు దరఖాస్తు చేసినా సరఫరా ఇవ్వాలని చెబుతోంది. యజమాని అంగీకారం లేకుండా ఆ పని ముందుకు సాగడం కష్టమన్నది వేరే మాట. కొత్త కనెక్షన్‌కు గడువులను కేంద్రం 2024లో కుదించింది. మహానగరాల్లో మూడు రోజులు, ఇతర పట్టణాల్లో ఏడు రోజులు, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలి.

సిలిండరు దారి వేరు

ఇక గ్యాసు సంగతి. ఉపాధ్యాయ కుటుంబం సామానుతోపాటు సిలిండరును కూడా లారీలో వేసుకుని గుంటూరుకు వస్తే ఏమవుతుంది? పొయ్యి ఆ వారం వెలుగుతుంది. గ్యాసు అయిపోయాక కొత్త సిలిండరు ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే కనెక్షన్ ఇంకా నరసరావుపేట ఏజెన్సీలోనే ఉంది.

ఊరు మారేవారు బయల్దేరే ముందే పాత ఏజెన్సీకి వెళ్లి సిలిండరు, రెగ్యులేటరు అప్పగించాలి. కనెక్షన్ తీసుకున్ననాడు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచరు చూపితే, అందులో రాసి ఉన్న డిపాజిట్ వెనక్కి ఇచ్చి బదిలీ వోచరు ఇస్తారు. కొత్త ఊళ్లో ఏజెన్సీకి ఆ వోచరు, చిరునామా ధ్రువపత్రం ఇచ్చి డిపాజిట్ చెల్లిస్తే సిలిండరు, రెగ్యులేటరు వస్తాయి. పొయ్యి, రబ్బరు గొట్టం వినియోగదారుని సొంతం కాబట్టి అప్పగించనక్కర్లేదు. పాత వోచరులో ఉన్న మొత్తమే వస్తుంది, ఇప్పటి డిపాజిట్ కాదు. 14.2 కిలోల సిలిండరు డిపాజిట్‌ను చమురు సంస్థలు 2022 జూన్ 16 నుంచి రూ.1,450 నుంచి రూ.2,200కు, రెగ్యులేటరు డిపాజిట్‌ను రూ.150 నుంచి రూ.250కి పెంచాయి. ఏనాడో కనెక్షన్ తీసుకున్నవారికి చేతికి వచ్చేది స్వల్పమే. ఉజ్వల కింద డిపాజిట్ లేకుండా కనెక్షన్ పొందినవారికి ఆ మొత్తం ప్రభుత్వం భరించినది కాబట్టి వెనక్కి వచ్చేదేమీ ఉండదు.

సిలిండరులో మిగిలిన గ్యాసుకు డబ్బు రాదన్నది గుర్తుంచుకోవాలి. అందుకే ఊరు మారే నెలలో కొత్త సిలిండరు బుక్ చేసుకోకుండా ఉన్నదానితో సర్దుకోవడం మేలు. నిండు సిలిండరు అప్పగించి వెళ్లిన ఇల్లాలు పొరుగింటి వారికి ఆ గ్యాసు దక్కనందుకైనా నొచ్చుకుంటుంది.

ఒకే ఊళ్లో వీధి మారితే ఇంత తతంగం అక్కర్లేదు. కొత్త ఇల్లు పాత ఏజెన్సీ పరిధిలోనే ఉంటే చిరునామా మార్పించుకుంటే సరిపోతుంది. వేరే ఏజెన్సీ పరిధిలోకి వెళితే బదిలీ పత్రం తీసుకోవాలి. సిలిండరు, రెగ్యులేటరు మాత్రం తమ వద్దే ఉంచుకోవచ్చు. ఈ తేడా తెలియక ఊళ్లోనే ఇల్లు మారినవారు సిలిండరు అప్పగించి పది రోజులు హోటల్ భోజనం తిన్న సందర్భాలున్నాయి.

వోచరు కాగితం పోయినవారు, రెగ్యులేటరు పోగొట్టుకున్నవారు ఆ సంగతి ముందే ఏజెన్సీలో చెప్పాలి. ప్రమాణపత్రం, రుసుము వంటివి పూర్తిచేయడానికి సమయం పడుతుంది. కనెక్షన్ తండ్రి పేరిట ఉండి ఆయన కాలం చేసి ఉంటే, మరణ ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారంతో ముందు పేరు మార్చుకుని, ఆ తరవాత బదిలీ కోరడం మంచిది. ఇవన్నీ ఎందుకని కొత్త ఊళ్లో మరో కనెక్షన్ తీసుకుందామనుకుంటే కుదరదు. ఒక కుటుంబానికి ఒకటే కనెక్షన్ అన్నది నియమం. ఆధార్‌తో పోల్చి చూసినప్పుడు రెండోది బయటపడుతుంది. రాష్ట్రంలో 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ఏటా మూడు సిలిండర్ల సాయం పొందే కుటుంబాలు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. కనెక్షన్, రేషన్ కార్డు, ఆధార్ వివరాలు పొంతన కుదరకపోతే సాయం ఆగుతుంది.

బదిలీ పూర్తయ్యే నాలుగు రోజులూ వంట ఎలా అన్నది అసలు ప్రశ్న. చిరునామా ధ్రువపత్రం లేకున్నా గుర్తింపు కార్డు చూపితే దొరికే ఐదు కిలోల చిన్న సిలిండర్లు ఇందుకు పనికొస్తాయి. ఇండియన్ ఆయిల్ వీటిని ‘ఛోటూ’ పేరిట అమ్ముతోంది. రాయితీ లేని ధర కాబట్టి కాస్త ఎక్కువే పడుతుంది. పాలు పొంగించడానికి, నాలుగు రోజుల వంటకు మాత్రం సరిపోతుంది. పొరుగింటి సిలిండరును దొంగచాటుగా తెచ్చుకోవడం కన్నా ఇది క్షేమం.

విజయవాడ, కాకినాడ వంటి చోట్ల గొట్టపు మార్గం ద్వారా గ్యాసు వచ్చే ఇళ్లున్నాయి. అక్కడ గ్యాసు కూడా కరెంటు బాటలోనే నడుస్తుంది. మీటరు ఇంట్లోనే ఉండిపోతుంది, దిగే రోజు రీడింగ్ రాసుకోవాలి. సిలిండరు పొయ్యిని గొట్టపు గ్యాసుకు వాడాలంటే నాజిల్ మార్చాలి. ఆ పనికి సంస్థ సిబ్బందినే పిలవాలి.

కొత్త ఇంట్లో తొలి రాత్రి

పాత ఇంటి రబ్బరు గొట్టాన్నే తెచ్చి కొత్త ఇంట బిగించడం చాలా ఇళ్లలో జరిగేదే. ఐదేళ్లు దాటిన గొట్టాన్ని మార్చేయాలి. సిలిండరును నిలువుగానే ఉంచాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా, తలుపులు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి 1906కు ఫోన్ చేయాలి. ఈ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. కరెంటు వైపు చూస్తే, పాత ఇళ్లలో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాకే గీజరు, వాషింగ్ మెషీన్ బిగించుకోవాలి. బిల్లు మీద రాసి ఉన్న లోడు ఒక కిలోవాటే అయితే ఏసీ పెట్టే ముందు లోడు పెంచుకోవాలి.

ఫోన్‌లో చేయాల్సిన పనులు రెండున్నాయి. చెల్లింపుల యాప్‌లో పాత ఇంటి నంబరుకు ఆటోపే పెట్టి ఉంటే రద్దు చేయాలి. లేకుంటే ఖాళీ చేసిన ఇంటి బిల్లు మన ఖాతా నుంచి కడుతూనే ఉంటాం, అటువైపు వారు అడగరు కూడా. కొత్త సర్వీసు నంబరుకు సొంత మొబైల్ నంబరు నమోదు చేయించుకోవాలి. అది చేయకపోతే బిల్లు సందేశాలు పాత కిరాయిదారుకు వెళతాయి. నమోదు చేశాక మరో జాగ్రత్త అవసరం. ఈ రాత్రి కరెంటు తీసేస్తున్నాం, ఫలానా నంబరుకు ఫోన్ చేయండంటూ 2022 నుంచి మోసగాళ్ల సందేశాలు తిరుగుతున్నాయి. కొత్తగా ఇంట దిగినవారు పాత బకాయి ఏదో ఉందేమోనని నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నారు. సర్వీసు నంబరుతో డిస్కం వెబ్‌సైట్‌లో చూస్తే నిజమేదో తెలుస్తుంది.

తుది బిల్లు ఇవ్వకపోయినా, తమది కాని బకాయి వేసినా, పేరు మార్పిడి తేల్చకపోయినా ముందుగా 1912కు ఫిర్యాదు చేసి నంబరు రాసుకోవాలి. సెక్షన్ కార్యాలయంలో పని జరగకపోతే ప్రతి డిస్కంలోనూ ఉండే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు తెల్లకాగితం మీద రాసి పంపవచ్చు. వాదించేందుకు న్యాయవాదిని పెట్టుకోనక్కర్లేదు. మీటరు ఫొటో, పాత బిల్లులు, అద్దె ఒప్పందం నకలు జత చేస్తే చాలు. అక్కడి నిర్ణయం నచ్చనివారు విద్యుత్తు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.